బండి కింద ఆయిల్ చుక్క: ఇంజిన్ విప్పేముందు చూడాల్సినవి

సంపాదకులకు నమస్కారం.

బైకుల నిర్వహణ మీద పత్రికల్లో వచ్చే వ్యాసాలు టైర్ల గాలి, చైన్ బిగువు, మైలేజీ గురించి బాగానే చెబుతాయి. ఆయిల్ లీకు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘వెంటనే మెకానిక్‌కు చూపించండి’ అని ఒక్క ముక్కతో సరిపెడతాయి. తీరా షెడ్డుకు వెళ్తే చాలాచోట్ల వినిపించే మాట ‘ఇంజిన్ దించాలి’. ఆ మాట విన్నాక బండి యజమానికి అడగడానికి ఏమీ మిగలదు. నిజానికి షెడ్డుకు వచ్చే లీకుల్లో ఎక్కువ భాగం ఇంజిన్ ఫ్రేములో ఉండగానే, ఒక వాషరో, ఓరింగో (సందును మూసే గుండ్రటి రబ్బరు రింగు), బయటి సీలో (తిరిగే షాఫ్టు చుట్టూ ఆయిల్‌ను ఆపే రింగు) మారిస్తే ఆగిపోయేవే. ఏది కారుతోందో ముందు పట్టుకోవాలి, అంతే. ఆ పని సవ్యంగా చేయకుండా అనుమానం మీద ప్యాకింగులు (రెండు భాగాల మధ్య ఆయిల్ కారకుండా పెట్టే పల్చటి పొరలు) మార్చుకుంటూ పోవడం వల్ల జనం డబ్బు వృథా అవుతోంది, బాగున్న ఇంజిన్లు పాడవుతున్నాయి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాం. దయచేసి ప్రచురించగలరు.

మొదట, కారుతున్నది ఇంజిన్ ఆయిలేనా అన్నది తేల్చుకోవాలి. బండి కింద రాత్రి ఒక తెల్ల అట్టముక్క పరిచి, ముందు చక్రం ఎటుందో, వెనక చక్రం ఎటుందో దానిమీద గుర్తు పెట్టుకోవాలి. పొద్దున చుక్క ఏ భాగం కింద పడిందో తెలుస్తుంది. పెట్రోలైతే వాసన కొడుతుంది, మరక త్వరగా ఆరిపోతుంది. కార్బురేటర్ ఉన్న బండైతే అది ఓవర్‌ఫ్లో అయి ఉండవచ్చు. ముందు చక్రం దగ్గర, షాకబ్జార్బర్ రాడ్డు మీద జిడ్డు కనిపిస్తే అది ఫోర్క్ ఆయిల్, దానికీ ఇంజిన్‌కూ సంబంధం లేదు. లిక్విడ్ కూలింగ్ బండ్లలో రంగునీళ్ళు కారితే కూలెంట్. డిస్క్ బ్రేకు ఆయిల్ పెయింటును తినేస్తుంది కాబట్టి అది పడిన చోట రంగు పొంగుతుంది.

అందరినీ ఎక్కువగా మోసం చేసేది చైన్ ఆయిల్. చైన్‌కు 90 నంబరు గేరాయిల్ ధారాళంగా పోసే అలవాటు మనకు ఉంది. అది ఇంజిన్ స్ప్రాకెట్ (చైన్‌ను తిప్పే పళ్ళ చక్రం) మీద నుంచి చిమ్మి, ఎడమవైపు స్ప్రాకెట్ కవరు లోపల దుమ్ముతో కలిసి నల్లటి ముద్దలా పేరుకుంటుంది. ఎండకు, ఇంజిన్ వేడికి ఆ ముద్ద పలచబడి కవరు కింది అంచునుంచి చుక్కలుగా కారుతుంది. చూసినవాళ్ళు స్ప్రాకెట్ సీల్ పోయిందని సీల్ మార్పిస్తారు. వారం తిరక్కుండా మళ్ళీ చుక్క కనిపిస్తుంది. చుక్కను రెండు వేళ్ళ మధ్య రాస్తే తేడా తెలిసిపోతుంది. ఇంజిన్ ఆయిల్ నల్లగా ఉన్నా జారుడుగా ఉంటుంది. చైన్ జిడ్డు సాగుతుంది, ఇసుక గరగరమని తగులుతుంది.

ఇంజిన్ ఆయిలే అని తేలాక లెవల్ చూడాలి. లీకు వెతికే ముందు ఇది తప్పనిసరి. ఎందుకంటే ఆయిల్ ఎక్కువ పోసిన బండి కూడా కారుతుంది. వంద సీసీ బండ్లలో పట్టేదే దాదాపు లీటరు. సర్వీసులో పాత ఆయిల్ దించినప్పుడు కొంత లోపలే ఉండిపోతుంది కాబట్టి మాన్యువల్‌లో చాలా మోడళ్ళకు లీటరు కన్నా తక్కువే రాసి ఉంటుంది. అది చూడకుండా లీటరు డబ్బా మొత్తం ఒంపేస్తే ఎక్కువైన ఆయిల్ క్రాంకు (పిస్టన్ తిప్పే ఇరుసు) తిరిగే చోట నురగలెత్తి, లోపలి ఒత్తిడితో బ్రీదర్ పైపు (ఆ ఒత్తిడిని బయటికి వదిలే గొట్టం) గుండా ఎయిర్ ఫిల్టర్ పెట్టెలోకి, అక్కడినుంచి కిందికి వస్తుంది. చూడటానికి అచ్చం లీకులాగే ఉంటుంది. లెవల్ చూసేటప్పుడు బండి సమతలంగా ఉన్న నేలమీద డబుల్ స్టాండ్ వేసి, ఇంజిన్‌ను రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి, ఆపి, మరో రెండు మూడు నిమిషాలు ఆగాలి. డిప్‌స్టిక్ (ఆయిల్ లెవల్ చూసే పుల్ల) తుడిచి, మర బిగించకుండా ఊరికే ఆనించి తీసి చూడాలని వంద సీసీ బండ్ల మాన్యువళ్ళు చాలావరకు చెబుతాయి. మర బిగించి చూస్తే లెవల్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. డిప్‌స్టిక్ బదులు లెవల్ కనిపించే గాజు కిటికీ ఉన్న బండ్లలో బండి నిటారుగా ఉండాలి. సైడ్ స్టాండ్ మీద చూసిన ఏ లెవలూ లెక్కలోకి రాదు.

ఇక అసలు పని కడగడం. ఇక్కడ బద్ధకిస్తే మిగతాదంతా ఊహాగానమే. నెలల తరబడి పేరుకున్న జిడ్డు మీద కొత్త ఆయిల్ ఎక్కడినుంచి వచ్చిందో కళ్ళున్నవాడెవడూ చెప్పలేడు. ఇంజిన్ చల్లారాక కిరోసిన్ గానీ, బజార్లో దొరికే డీగ్రీజర్ గానీ బ్రష్షుతో పట్టించి, పది నిమిషాలు నాననిచ్చి, హెడ్డు (ఇంజిన్ పైభాగం) రెక్కల మధ్య, బ్లాకు (హెడ్డు కింద పిస్టన్ ఆడే భాగం) కింది అంచు, క్లచ్ కవరు చుట్టూ, ఇంజిన్ అడుగు, డ్రెయిన్ నట్టు (పాత ఆయిల్ దించే నట్టు) చుట్టూ రుద్ది కడగాలి. స్ప్రాకెట్ కవరు విప్పి లోపలి ముద్దంతా గోకి తీయాలి. దీనికి పెట్రోలు వాడొద్దు. వేడి సైలెన్సర్ మీద ఆవిరి చేరినా, బ్యాటరీ వైరు నుంచి ఒక్క రవ్వ పడినా చాలు, బండి అంటుకుంటుంది. ప్రెషర్ వాటర్ కొట్టేటప్పుడు కార్బురేటర్, ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్, వైర్ల జాయింట్ల దగ్గర నేరుగా కొట్టకూడదు. కడిగాక గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. రెక్కల మధ్య తడి మిగిలితే అదే లీకులా కనిపిస్తుంది.

ఆరిన ఇంజిన్ మీద మామూలు ఫేస్ పౌడరు పలచగా చల్లాలి. ఎయిర్ ఫిల్టర్ వైపు పడకుండా చూసుకుంటే చాలు. ముందు బండిని నిలబెట్టే ఉంచి ఇంజిన్‌ను ఐదు నిమిషాలు నడిపి చూడాలి. పౌడరు ఎక్కడ ముదురు రంగుకు తిరిగిందో అదే మొదటి ఆధారం. ఏమీ కనిపించకపోతే ఐదారు కిలోమీటర్లు తిప్పుకొచ్చి, వచ్చిన వెంటనే టార్చి లైటుతో చూడాలి. దూరం ఎక్కువైతే గాలికి ఆయిల్ చెదిరి, పౌడరంతా తడిసి మళ్ళీ మొదటికొస్తుంది. కొన్ని లీకులు ఇంజిన్ బాగా వేడెక్కితేనే బయటపడతాయి, మరికొన్ని రాత్రంతా నిలబడితేనే. అందుకని వేడిగా ఉన్నప్పుడూ, మర్నాడు పొద్దున స్టార్ట్ చేయకముందూ, రెండుసార్లూ చూడాలి.

చూసేటప్పుడు ఒకటి మరవకూడదు. ఆయిల్ కిందికి జారుతుంది. బండి నడుస్తుంటే గాలికి వెనక్కి పోతుంది. కాబట్టి తడిగా ఉన్న చోట్లలో అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందున్న చోటే అనుమానించాలి. డ్రెయిన్ నట్టు దగ్గర వేలాడే చుక్క హెడ్డు దగ్గరి ట్యాపెట్ మూత (వాల్వుల సర్దుబాటుకు విప్పే మూత) నుంచి బయల్దేరి ఉండవచ్చు. సైడ్ స్టాండ్ మీద బండి ఎడమకు ఒరుగుతుంది కనుక కుడివైపు క్లచ్ కవరు ఆయిల్ కూడా ఇంజిన్ అడుగున పాకి ఎడమవైపు పడవచ్చు. నేలమీది మరకను బట్టి ఎడమ సీల్ మార్చడం ఇలాగే జరుగుతుంది.

పౌడరుతో దొరకని సన్నని లీకుకు యూవీ డై ఉంది. ఇంజిన్ ఆయిల్లో కలిపే ద్రవం అది. సీసా మీద రాసిన మోతాదుకు మించి పోయకూడదు. మన బండ్లలో క్లచ్ ప్లేట్లు అదే ఆయిల్లో మునిగి ఉంటాయి కాబట్టి వెట్ క్లచ్‌కు పనికొస్తుందని రాసి ఉన్నదే కొనాలి. కలిపి కొంతదూరం నడిపాక చీకట్లో యూవీ టార్చి వేస్తే ఆయిల్ బయటికొచ్చిన గీత ఆకుపచ్చగానో పసుపుగానో మెరుస్తుంది. కొందరు ఇంజిన్లోకి కంప్రెసర్ గాలి ఎక్కించి, సబ్బునీళ్ళు పూసి బుడగలు చూస్తారు. పద్ధతి మంచిదే, కాని గాలి రెండు మూడు పీఎస్ఐ దాటకూడదు. రెగ్యులేటర్ లేకుండా టైర్లకు కొట్టే గాలిని డిప్‌స్టిక్ రంధ్రంలో పెడితే బాగున్న సీళ్ళు కూడా ఊడొస్తాయి.

పైనుంచి కిందికి వస్తే మొదట కనిపించేవి ట్యాపెట్ మూతలు. వాటి ఓరింగులు వేడికి గట్టిపడి, గుండ్రంగా ఉండాల్సింది బల్లపరుపుగా అయిపోతాయి. తీసి చేత్తో వంచితే సాగకుండా పుటుక్కున విరుగుతుంది. ట్యాపెట్ సెట్టింగు చేసిన ప్రతిసారీ పాత ఓరింగునే తిరిగి వేయడం, లీకైతే మూతను ఇంకాస్త గట్టిగా బిగించడం మామూలైపోయింది. అలా బిగిస్తే మూత మర చెడుతుంది, లీకు మాత్రం ఆగదు. ఆ తర్వాత హెడ్డుకూ బ్లాకుకూ మధ్య, బ్లాకుకూ కేసుకూ (ఇంజిన్ కింది పెట్టె) మధ్య జాయింట్లు. బ్లాకు వెనక టైమింగ్ చైన్ టెన్షనర్ (ఇంజిన్ లోపలి చైన్‌ను బిగువుగా ఉంచేది) ఉంటుంది, దాని ప్యాకింగు చిన్నది. అక్కడ కారిన ఆయిల్ బ్లాకు కింద చేరుతుంది కాబట్టి ‘బ్లాక్ ప్యాకింగ్ పోయింది’ అని తేల్చేస్తుంటారు. బ్లాకు దించే ముందు, అద్దం ముక్క ఒకటి వెనక పెట్టి టెన్షనర్ చుట్టూ పొడిగా ఉందో లేదో చూడమని అడగండి.

కుడివైపు క్లచ్ కవరు ప్యాకింగు, కిక్కర్ షాఫ్టు సీల్, క్లచ్ ఆర్మ్ సీల్ ఉంటాయి. క్లచ్ కవరు బోల్టులు చాలా మోడళ్ళలో అన్నీ ఒకే పొడవుండవు. పొట్టి బోల్టు చోట పొడుగుది పెడితే అది రంధ్రం అడుగుకు తగిలి ఆగిపోతుంది. బిగిసినట్టే అనిపిస్తుంది కాని కవరును నొక్కదు. అక్కడినుంచే కారుతుంది. విప్పేటప్పుడే అట్టమీద కవరు బొమ్మ గీసి, ఏ బోల్టును ఆ చోట గుచ్చిపెట్టుకుంటే ఈ పొరపాటు రాదు. ఆరు మిల్లీమీటర్ల కవరు బోల్టులకు 10 నుంచి 12 న్యూటన్ మీటర్ల బిగువు సరిపోతుంది, అదీ ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో బిగించాలి.

ఎడమవైపే అసలు తంటా. అరచేతి వెడల్పు స్థలంలో గేర్ షాఫ్టు సీల్, స్ప్రాకెట్ షాఫ్టు సీల్, న్యూట్రల్ స్విచ్చి ఓరింగు, కొన్ని మోడళ్ళలో క్లచ్ పుష్ రాడ్ సీల్ కూడా ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. ఏది కారినా తడి అంతటా పరచుకుంటుంది. అందుకే ఇక్కడ స్ప్రాకెట్ కవరు తీసేసి, శుభ్రంగా తుడిచి, బండిని డబుల్ స్టాండ్ వేసి ఐడిల్‌లో ఉంచి, చేతులూ బట్టలూ చైన్‌కు దూరంగా పెట్టుకుని కళ్ళతోనే చూడాలి. సీల్‌లో షాఫ్టును పట్టుకునే భాగం సన్నని రబ్బరు పెదవి, దాని వెనక చుట్టూ పల్చని స్ప్రింగు. రబ్బరు గట్టిపడితే ఆ పెదవి షాఫ్టును పట్టుకోదు. సీల్ తీశాక షాఫ్టు మీద గోరు ఆడించి చూడాలి. గోరు గాడిలో దిగబడితే షాఫ్టు అరిగిందన్నమాట. అప్పుడు కొత్త సీల్‌ను అదే లోతులో కొడితే పెదవి మళ్ళీ ఆ గాడిలోనే కూర్చుని కారుతుంది. చోటుంటే ఒక మిల్లీమీటరు అటో ఇటో కూర్చోబెడితే అరగని చోట ఆనుతుంది. షాఫ్టు పళ్ళకు తగిలి కొత్త పెదవి కోసుకుపోకుండా పళ్ళమీద టేపు చుట్టి, పెదవికి గ్రీజు రాసి ఎక్కించాలి. స్ప్రింగు ఉన్న వైపు ఆయిల్ వైపుకే ఉండాలి.

కొన్ని బండ్లలో స్ప్రాకెట్ వెనక ఒక కాలరు, దాని లోపల ఒక ఓరింగు ఉంటాయి. సీల్ కాలరు మీద ఆనుతుంది, ఆయిల్ మాత్రం కాలరుకూ షాఫ్టుకూ మధ్యనుంచి వస్తుంది. ఆ ఓరింగు మార్చకుండా ఎన్ని సీళ్ళు మార్చినా ఫలితం ఉండదు. ఇంకో సంగతి: చైన్ మరీ బిగువుగా పెడితే షాఫ్టు బేరింగు అరిగిపోతుంది. స్ప్రాకెట్‌ను చేత్తో పైకీ కిందికీ ఊపినప్పుడు లూజు స్పష్టంగా తెలిస్తే సీల్ మార్చినా కొద్దిరోజుల్లోనే మళ్ళీ కారుతుంది, ముందు బేరింగు చూడాలి. వంద సీసీ బండ్లకు చైన్ ఊపు (మధ్యలో పైకీ కిందికీ కదిలే దూరం) సాధారణంగా 20 నుంచి 30 మిల్లీమీటర్లు. గేర్ షాఫ్టు సీల్, న్యూట్రల్ స్విచ్చి ఓరింగు ఎక్కువ ఇంజిన్లలో బయటినుంచే మారతాయి. కొన్ని మోడళ్ళలో మాత్రం ఒకటి రెండు సీళ్ళకు లోపలివైపు అంచు ఉంటుంది, వాటికి కేసు విడదీయాల్సిందే. మీ బండికి ఏది వర్తిస్తుందో విడిభాగాల పుస్తకంలో చూపించమని అడగడంలో తప్పు లేదు.

మ్యాగ్నెట్ (కరెంటు పుట్టించే అయస్కాంత చక్రం) కవరు దగ్గర తడి ఉంటే ముందు ఆ బండి మ్యాగ్నెట్ పొడిగా ఉండేదో ఆయిల్లో తిరిగేదో తెలుసుకోవాలి. పొడిగా ఉండాల్సిన దానిలో ఆయిల్ కనిపిస్తే క్రాంకు సీల్ గానీ, కాయిల్ ప్లేటు ఓరింగు గానీ పోయినట్టు. ఆయిల్లో తిరిగేదైతే లోపల ఆయిల్ ఉండటం సహజమే. అక్కడ కవరు ప్యాకింగును, వైర్లు బయటికొచ్చే రబ్బరు గ్రోమెట్టును చూడాలి. ఆ గ్రోమెట్టు దగ్గర కారిన ఆయిల్ వైరు వెంబడే పాకి దూరంగా ఎక్కడో చుక్క పడుతుంది.

డ్రెయిన్ నట్టు సంగతి. దాని కింది అల్యూమినియం లేదా రాగి వాషర్ నలిగి అతుక్కుంటేనే ఆయిల్ ఆగుతుంది. ఒకసారి నలిగింది రెండోసారి అంతగా నలగదు కాబట్టి ఆయిల్ మార్చిన ప్రతిసారీ కొత్తది వేయాలి. టీ ఖరీదు చేయని ఈ వాషర్ వేయకుండా, కారుతోందని నట్టును పొడుగు రాడ్డుతో బిగిస్తే అల్యూమినియం కేసు మర ఊడిపోతుంది. చాలా కమ్యూటర్ బండ్లకు 25 నుంచి 30 న్యూటన్ మీటర్లే చెబుతారు. మర పోయిందంటే టెఫ్లాన్ టేపు చుట్టి బిగించడం ప్రమాదం. హెలికాయిల్ (పోయిన మర చోట కూర్చోబెట్టే తీగచుట్ట మర) వేయించుకోవడమే దారి.

ఇన్నీ చూసి, సీల్ మార్చి, కొన్నాళ్ళకే మళ్ళీ కారితే? లేదా ఒకేసారి రెండు మూడు చోట్ల తడి కనిపిస్తే? అప్పుడు సీళ్ళను వదిలేసి బ్రీదర్ పైపు చూడాలి. పిస్టన్ కదలికకు లోపల ఏర్పడే ఒత్తిడి బయటికి పోయే దారి అది. పైపు నలిగినా, మడత పడినా, జిడ్డుతో మూసుకుపోయినా ఆ ఒత్తిడి ఇంజిన్లో ఏ సీల్ బలహీనంగా ఉంటే దాన్ని తోసుకుని వస్తుంది. ఎయిర్ ఫిల్టర్ కింద మూతపెట్టిన చిన్న గొట్టం ఉంటుంది, ఆయిలూ నీళ్ళూ కలిసి తెల్లగా అందులో చేరతాయి. వానల్లో తిరిగే బండికి దాన్ని తరచుగా ఖాళీ చేయాలి. పైపు బాగానే ఉండి, ఎయిర్ ఫిల్టర్ నుంచి దాన్ని ఊడదీసి ఐడిల్‌లో చూస్తే పొగ గుప్పుగుప్పున వస్తోందంటే పిస్టన్ రింగులు, బోరు అరిగాయి. ‘ఇంజిన్ పని’ అన్న మాట అప్పుడు న్యాయం. పాత క్యాస్ట్ ఐరన్ ఇంజిన్ బుల్లెట్లలో ఇంకో విషయం ఉంది. వారాల తరబడి కదలకుండా నిలిపితే ఆయిల్ ట్యాంకు భాగంలోంచి పంపు గుండా మెల్లగా క్రాంకు గదిలోకి దిగిపోతుంది. స్టార్ట్ చేయగానే బ్రీదర్ నుంచి బుసకొడుతుంది. అది సీల్ లీకు కాదు. వాటిలో ఇంజిన్ ఆయిల్ వేరు, గేర్‌బాక్సు ఆయిల్ వేరు, ప్రైమరీ చైన్ కేసు ఆయిల్ వేరు కాబట్టి కారుతున్నది మూడింటిలో ఏదో చూసుకోవాలి.

తోటి మెకానిక్‌లకు ఒక విన్నపం. అనాబాండ్ లాంటి గమ్ము కాగితపు ప్యాకింగు మీద మందంగా పూయకండి. నొక్కుకుపోయిన గమ్ము బయటికి ఎంత వస్తుందో లోపలికీ అంతే వస్తుంది. ఆ తోకలు తెగి ఆయిల్ జల్లెడకు అడ్డం పడితే పంపుకు ఆయిల్ అందదు, క్యామ్ షాఫ్టు (వాల్వులను కదిపే ఇరుసు) ఎండిపోతుంది. లీకు ఆపాలని చేసిన పని ఇంజిన్‌ను చంపుతుంది. ప్యాకింగు కూర్చునే ముఖం మీద పాత కాగితం స్క్రూడ్రైవరుతో గీకితే అల్యూమినియం మీద గీత పడి, కొత్త ప్యాకింగు కింద అదే కాలువ అవుతుంది. యజమానులు కూడా లీకు ఆపుతుందని చిక్కటి ఆయిల్ పోయించుకోవడం, సీళ్ళను ఉబ్బించే మందులు కలపడం మానుకోవాలి. క్లచ్ జారడం మొదలైతే ఖర్చు రెండింతలు. మాన్యువల్ చెప్పిన గ్రేడు, డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 గుర్తు (వెట్ క్లచ్‌కు తగిన ఆయిల్ అని అర్థం) ఉంటే చాలు.

తడి మాత్రమే ఉండి చుక్క పడకపోతే, లెవల్ చూసుకుంటూ తీరిక దొరికినప్పుడు చేయించుకోవచ్చు. చుక్కలు పడుతుంటే ఆలస్యం వద్దు. వెనక టైరు మీద, వెనక బ్రేకు మీద, వేడి సైలెన్సర్ మీద పడుతుంటే మాత్రం ఆ బండి ఆ రోజు నడపకూడదు. లీటరు పట్టే ఇంజిన్లో పావులీటరు పోతే అది పెద్ద లోటే. డిప్‌స్టిక్‌కు ఆయిల్ అంటకపోతే స్టార్ట్ కూడా చేయకండి.

పని అయ్యాక ఇంజిన్‌ను మళ్ళీ కడిగి ఇమ్మని, మార్చిన పాత సీల్, ఓరింగు చేతికివ్వమని అడగండి. రెండు మూడు రోజులు నడిపాక అదే చోట మళ్ళీ పౌడరు చల్లి చూసుకోండి. దించిన పాత ఆయిల్‌ను మురుగుకాలువలో పోయనివ్వకండి. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడిన ఆయిల్ అనుమతి పొందిన రీసైక్లర్లకే చేరాలి. షెడ్డులో దానికి వేరుగా డ్రమ్ము ఉందో లేదో చూసి బండి ఇవ్వండి.

ఇట్లు,
కొందరు టూవీలర్ మెకానిక్‌లు,
రాజమహేంద్రవరం